మంచు ఆరేదాకా

"మా నాయిన పోయిండు సార్. నిన్న పొద్దుగాల. నీకు చెప్పుమని అమ్మ అన్నది."

కోరుట్ల నుంచి అతని బిడ్డ ఫోన్. ఎట్లా పోయాడని నేను అడిగేలోపే పెట్టేసింది. జగిత్యాలలో మా ఇంటి వరండాలో పొద్దుటి బీపీ గోలీ చేతిలో పట్టుకొని ఉన్నాను. దాన్ని వేసుకోవడం మరిచిపోయి చాలాసేపు అట్లాగే నిలబడ్డాను. ఆ క్షణాన నాకు దుఃఖం కలిగిందని రాస్తే బాగుంటుంది. కానీ ముందు కలిగింది ఊరట. పోటీలో ఎప్పుడూ నాకన్నా నాలుగడుగులు ముందుండే మనిషి ఇక లేడన్న ఊరట. దాని వెంటనే సిగ్గు వచ్చింది. దుఃఖం ఆ తర్వాత, తీరిగ్గా, మధ్యాహ్నం భోజనాల వేళకు వచ్చింది.

అతని పేరు రాయను. ఒకసారి ఆ పేరును చెప్పకూడని చోట చెప్పాను, ఇంకోసారి నా నోటితోగానీ కలంతోగానీ బయటికి రావద్దనుకుంటున్నాను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో పని తెలిసినవాళ్లంతా అతన్ని 'రంగులాయన' అనేవాళ్లు. ఇక్కడా అంతే.

సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. బీర్పూర్ దగ్గర కల్లుగీత కుటుంబం. పదహారేళ్లకే తాటిచెట్లెక్కినవాడు కాబట్టి ఎత్తంటే లెక్కే లేదు. నీళ్ల ట్యాంకులకు రంగేసేటప్పుడు కంపెనీ ఇచ్చిన బెల్టును మడిచి పక్కన పెట్టి, తాత నాటి మోకును నడుముకు చుట్టుకొని, మెట్లున్నా సరే స్తంభం పట్టుకొనే పైకి పాకేవాడు. బీడీ తాగేవాడు గానీ పని జాగాలో ముట్టేవాడు కాదు. చెవి సందున పెట్టుకొని మరిచిపోయేవాడు. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు చూస్తే ఆ బీడీ మీద కూడా బూడిదరంగు చుక్కలుండేవి.

ఇంకొకటి. అతని అరచేతులకు చెమట పట్టేది కాదు. ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది. మా పనిలో చిన్నది కాదు.

నేను ముస్తాబాద్ వైపు ఒక ఊరి దొరల ఇంట్లో పుట్టాను. నక్సలైట్ అన్నలు ఊళ్లోకి రాకపోకలు మొదలుపెట్టాక మా నాయన ఇల్లు వదిలి సిరిసిల్లలో అద్దె ఇంటికి మారాడు. నేను డిప్లొమా చేసి హైదరాబాదులోని ఒక రంగుల కంపెనీలో చేరాను. ఎనభైల నడుమ ఆ కంపెనీ జగిత్యాలలో యార్డు తెరిచి నన్ను సూపర్‌వైజర్‌గా పంపింది. ఇనుప ట్యాంకులకు, మిల్లుల తొట్లకు ఎపాక్సీ రంగు వేయించడం నా పని.

ఎపాక్సీ అప్పట్లో మా దిక్కు కొత్త. రెండు డబ్బాల్లో వస్తుంది. ఒకదాంట్లో రంగు, రెండోదాంట్లో దాన్ని గట్టిపరిచే మందు. కలిపాక కొద్ది గంటల్లో వాడెయ్యాలి, లేకుంటే డబ్బాలోనే రాయైపోతుంది. ఇనుముకు సరిగ్గా పట్టిందంటే ఉలి పెట్టి కొట్టినా లేవదు. పట్టలేదంటే ఒక వానాకాలానికే కాలిన చర్మంలా పొరలుగా ఊడుతుంది. కింద ఇనుము మీద కంటికి కనపడని జిడ్డున్నా, తడున్నా, ఉప్పున్నా పట్టదు. ఇవన్నీ నేను పుస్తకంలో చదువుకున్నాను.

మొదటి వారంలోనే అతనితో తగువు పడ్డాను. యార్డులో ఒక ట్యాంకు మూత, ఇసుకతో కొట్టించి తెల్లగా చేసి పెట్టాం. ఎట్లా ఉందో చూద్దామని అరచెయ్యి ఆనించబోయాను. వెనక నుంచి నా మణికట్టు పట్టుకున్నాడు.

"చెయ్యి పెట్టకు సారు."

దొరల ఇంట్లో పుట్టినవాణ్ని. ఒక గీత కార్మికుని కొడుకు నా మణికట్టు పట్టుకోవడం అదే మొదటిసారి. "ఎందుకు పెట్టద్దు?" అన్నాను గట్టిగా.

"నీ చేతికి చెమట ఉన్నది. ఇనుము మతిల పెట్టుకుంటది."

తర్వాత అతను మూత మీదికి వంగి, అద్దం తుడుచుకునేటప్పుడు ఊదినట్టు, నోటితో ఆవిరి ఊదాడు. ఇనుము మీద మసకగా ఒక మచ్చ పడింది. అది ఎంతసేపటికి పోతుందో చూస్తూ కూర్చున్నాడు. మచ్చ నిదానంగా, అంచుల నుంచి లోపలికి చిక్కుకుంటూ పోయింది.

"ఇనుము అలిగి ఉన్నది. గాలిల తడి ఉన్నది సారు. ఇయ్యాల వద్దు."

నా దగ్గర గాలిలో తేమ కొలిచే పరికరం ఉంది. రెండు గాజు గొట్టాలు, ఒకదానికి తడిగుడ్డ చుట్టి ఉంటుంది. తీసి గిరగిరా తిప్పి, పట్టిక చూసి, లెక్క వేశాను. పావుగంట పట్టింది. ఆ రోజు రంగు వేయొద్దనే వచ్చింది. అతను అప్పటికే బ్రష్షులు కడిగి, చెట్టు కింద నడుము వాల్చాడు. నాకు ఒళ్లు మండింది. లెక్క తప్పు రావాలని ఎంత కోరుకున్నానో నాకే తెలుసు.

మరుసటి ఏడు హైదరాబాదు నుంచి మేనేజరు వచ్చి కొత్త పని చెప్పాడు. మా దిక్కు ఎండకు, తడికి, ఆవిరికి ఈ రంగు ఇనుమును ఎన్నాళ్లు పట్టుకొని ఉంటుందో తేల్చాలి. పలక అంత ఇనుప ముక్కలు కోయించి, రంగేసి మూడు చోట్ల పెట్టాం. జగిత్యాలలో మా యార్డు కప్పు మీద, ఎండకూ వానకూ. కోరుట్లలో ఒక రైసుమిల్లులో వడ్లు ఉడకబెట్టే తొట్టి పక్కన, ఆవిరికి. సిరిసిల్లలో నూలుకు అద్దకం వేసే ఒక షెడ్డులో, రంగునీళ్ల గోలెంలో ముంచి. ప్రతి చోటా సగం పలకలు నేను వేసినవి, సగం అతను వేసినవి. ఒకే డబ్బా, ఒకే రోజు, ఒకే బ్రష్షు. నెలకోసారి ఇద్దరం బస్సెక్కి మూడూళ్లూ తిరిగేవాళ్లం. పలక మీద బ్లేడుతో అడ్డంగా నిలువుగా గీతలు గీసి, దాని మీద టేపు గట్టిగా అంటించి, ఒక్క లాగు లాగేవాళ్లం. టేపుకు రంగు అంటుకొని వస్తే ఓడినట్టు.

జగిత్యాల కప్పు మీద పలకలన్నీ ఎండకు మెరుపు పోయి, వేలితో రాస్తే ముగ్గుపిండిలా తెల్లగా వచ్చేది. కానీ ఊడలేదు, నావీ అతనివీ రెండూ. అక్కడ నాకు ధైర్యం వచ్చింది. కోరుట్లలో నాలుగో నెలకు నా పలకల అంచులు లేచాయి. సిరిసిల్లలో నా టేపుకు రంగు మొత్తంగా, బొబ్బ తోలులా లేచి వచ్చింది. కింద ఇనుము నల్లగా, తడిగా ఉంది. అతని పలక మీద టేపు లాగితే టేపే చిరిగింది.

ఏం తేడా చేశావని అడగలేదు. అడిగితే చెప్పేవాడే. అందుకే అడగలేదు.

మేనేజరు వచ్చి పలకలన్నీ బల్ల మీద పరిపించి చూశాడు. అందరి ముందే నాతో అన్నాడు: "మీరేం చేస్తున్నారో రాయడం ఆపండి. అతనేం చేస్తున్నాడో వెనకాల ఉండి రాయండి. అదే మన పద్ధతి అవుతుంది."

ఆ రోజు నుంచి ఆరు నెలలు నోటుబుక్కు పట్టుకొని అతని వెనక తిరిగాను. అతను థిన్నర్‌లో తడిపిన ఒక గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేసి ఇంకో కొత్త గుడ్డతో తుడిచేవాడు. నేను ఒకే గుడ్డతో తుడిచేవాణ్ని, అంటే జిడ్డును ఒకచోటు నుంచి ఇంకోచోటుకు పూసేవాణ్ని. రెండు డబ్బాలూ కలిపాక కాసేపు ఆగేవాడు. "వాళ్లిద్దరు మాట్లాడుకోవాలె సారు. పెండ్లైన ఎంబడే పనికి తోలుతమా?" అనేవాడు. నేను "కలిపిన తర్వాత కొంత వ్యవధి ఇవ్వవలెను" అని రాసుకునేవాణ్ని. అంచులకూ అతుకులకూ ముందుగా బ్రష్షుతో ఒక పూత వేసేవాడు, ఎందుకంటే "ఊడుడు మూలకెల్లి మొదలైతది." అది కూడా రాశాను. చివరికి అదంతా కంపెనీ చిన్న పుస్తకంగా అచ్చేసింది. అట్ట మీద నా పేరుంది. ఒక ప్రతి అతనికి ఇచ్చాను. అట్ట తిప్పి, కాయితం నునుపును బొటనవేలితో రాసి చూసి, "మంచిగున్నది సారు," అని జేబులో పెట్టుకున్నాడు. ఆ మాటలో వెటకారం ఉందేమోనని రెండు రోజులు వెతికాను. లేదు.

సిరిసిల్లకు పోయినప్పుడల్లా మధ్యాహ్నం మా నాయన ఇంట్లో ఆగేవాళ్లం. ఊళ్లో ఉన్నప్పుడు మా నాయన ఎదుట గీత పని వాళ్లు చెప్పులు విప్పి నిలబడేవాళ్లు. ఆ అద్దె ఇంట్లో ఉన్నవి రెండే కుర్చీలు. మొదటిసారి అతను గడప దగ్గరే ఆగిపోతే, "లోపటికి రా, కూసో," అని మా నాయనే రెండో కుర్చీ చూపించాడు. నేను నిలబడ్డాను. ఏ తాటిచెట్టు ఏ కాలంలో పారుతుంది, పోతుతాడు, పరుపుతాడు అనే రెండు రకాల తాటిచెట్ల కల్లు రుచిలో తేడా ఏమిటి, ఇట్లా గంటసేపు మాట్లాడుకున్నారు. ఊరు వదిలాక మా నాయన అట్లా నవ్వడం నేను చూడలేదు. నా చదువు గురించి, ఉద్యోగం గురించి ఆయన నన్ను ఒక్క ప్రశ్న అడిగినట్టు గుర్తులేదు. ఆ తర్వాత నెల నేనొక్కణ్నే పోతే, తలుపు తీసి నా భుజం మీదుగా వీధిలోకి చూసి, "ఆయన రాలేదా?" అన్నాడు.

ఆ సాయంత్రమే నేను మొదటి పాడుపని చేశాను.

జగిత్యాల యార్డులో మళ్లీ వేయడానికి కొత్త పలకలు సిద్ధమవుతున్నాయి. అతను తన పలకలు తుడిచి ఆరబెట్టి, నీళ్లు తాగడానికి పోయాడు. నేను నా బొటనవేలిని మెడ మీది చెమటలో అద్ది, అతని పలక ఒకదాని మధ్యలో ఒత్తాను. కంటికి ఏమీ కనపడలేదు. అతను వచ్చి దాని మీద రంగు వేశాడు.

మూడు నెలలకు సిరిసిల్ల గోలెంలోంచి ఆ పలక పైకి తీశాడు. లుంగీ అంచుతో తుడిచాడు. నున్నటి రంగు నడుమ చిన్నచిన్న నీటిబొబ్బలు లేచి ఉన్నాయి. అవి చెదురుమదురుగా లేవు. గుండ్రంగా, లోపల గీతలతో సహా, బొటనవేలి ముద్ర ఆకారంలో ఉన్నాయి. ఇనుము మతిలో పెట్టుకుంది.

అతను తన బొటనవేలిని ఆ ముద్ర పక్కన ఆనించి చూశాడు. అతనిది సన్నం, పొడుగు. ముద్ర వెడల్పు. తర్వాత కలం పట్టుకున్న నా చేతివైపు చూశాడు. తిడతాడనుకున్నాను. మేనేజరుకు చెబుతాననైనా అంటాడనుకున్నాను. పలకను నా చేతికిచ్చాడు.

"గిది నువ్వే ఉంచుకో సారు," అన్నాడు. అంతే. తర్వాతి పలక కోసం మళ్లీ గోలెంలో చెయ్యి పెట్టాడు.

తిరుగు బస్సు మానేరు వంతెన దాటుతుంటే కిటికీలోంచి ఆ పలకను విసిరేశాను. అతను నా పక్కనే కూర్చొని ఉన్నాడు. నీళ్ల వైపు చూడలేదు. ఆ పెద్దరికాన్ని నేను ఈనాటికీ క్షమించలేదు. ఒక్క బూతు తిట్టి ఉంటే ఇద్దరం సమానమయ్యేవాళ్లం.

ఆ తర్వాతి చలికాలంలో జగిత్యాలకూ బీర్పూర్‌కూ నడుమ ఒక ఊళ్లో ఇనుప నీళ్ల ట్యాంకు మీద ఎర్రటి అక్షరాలు కనిపించాయి. ఎదురుకాల్పుల్లో చనిపోయిన ఒక అన్నకు జోహార్లు. ఒక్కో అక్షరం మనిషి ఎత్తు. అప్పట్లో గోడల మీద రాతలు మామూలే. రాత్రికి రాసేవాళ్లు, పొద్దున పోలీసులు వచ్చి ఊరివాళ్లతోనే సున్నం కొట్టించేవాళ్లు. కానీ ఈ రాత పోలేదు. రెండు రోజులు గీకించారు. సున్నం కొడితే ఒక్క జల్లుకే జారిపోయి, కింద అక్షరాలు కడిగినట్టు ఇంకా ఎర్రగా తేలాయి.

ఎస్సై జీపు వేసుకొని మా యార్డుకు వచ్చాడు. నన్ను ఆ ఊరికి తీసుకుపోయాడు. నిచ్చెన ఎక్కించి చూపించాడు. జేబులోంచి కత్తి తీసి ఒక అక్షరం అంచును లేపబోయాడు. కత్తి జారింది.

"గిది మీ కంపెనీ రంగేనా సార్?"

మాదే. ఇనుముకు మొదటి పూతగా వేసే ఎర్ర ప్రైమరు. అక్షరాల కింద పాత బూడిదరంగును ఇసుక కాయితంతో రుద్దిన గీతలు సన్నగా కనిపిస్తున్నాయి. గట్టిపడ్డ ఎపాక్సీ మీద ఇంకో పూత పట్టాలంటే ముందు దాని నునుపు తియ్యాలి. తొందరలో గోడల మీద రాసేవాడెవడూ ఆ పని చెయ్యడు. మూలల దగ్గర ముందుగా ఒక పూత ఉంది. చూడగానే నాకు తెలిసిపోయింది, చేతిరాత గుర్తుపట్టినట్టు.

నేను అనవలసిన మాటలు చాలా ఉన్నాయి. రంగు యార్డులో ఎవడైనా ఎత్తుకుపోవచ్చు. ఎవడైనా వేయొచ్చు. నాకేం తెలుసు అనొచ్చు. ఎస్సై కూడా పెద్దగా ఆశపడి అడిగినట్టు లేదు.

"రంగుదేం లేదు," అన్నాను. "అందరు వేస్తరు, అందరిది ఊడిపోతది. గిట్ల పట్టేటట్టు వేసేటోడు మూడూర్లల్ల ఒక్కడే ఉన్నడు."

"ఎవడు?"

పేరు చెప్పాను. ఊరు చెప్పాను. ఇంటి గుర్తు కూడా చెప్పాను, అది అడగలేదు.

నోరు జారిందని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. జారలేదు. నిచ్చెన మీద, ఆ అక్షరాల ఎదుట, అంత చక్కని పని కళ్ల ముందు ఉంటే, కత్తి కూడా దాన్ని ఏమీ చెయ్యలేకపోతే, నాలో లేచినదానికి వేరే పేరు లేదు. కుళ్లు.

పదకొండు రోజులు స్టేషన్లో ఉంచుకున్నారు. వదిలేటప్పటికి కుడిచేతి వేళ్లు ముడుచుకోవడం మానేశాయి. డాక్టరు కట్టు కట్టాడు, కట్టు విప్పాడు, వేళ్లు అట్లాగే ఉండిపోయాయి. కంపెనీ అతన్ని మళ్లీ పనిలోకి తీసుకోలేదు. నేను చూడడానికి పోలేదు. యార్డులో వాళ్లు పోయొచ్చి చెబుతుంటే లెక్కల పుస్తకంలో తల పెట్టుకొని విన్నాను. తర్వాత నన్ను హైదరాబాదుకు మార్చారు. ఆ చిన్న పుస్తకం పుణ్యమాని ఎక్కడ రంగు ఊడినా నన్నే పిలిచేవాళ్లు. విశాఖలో సముద్రపు గాలికి, రామగుండంలో బొగ్గు పొగకు, ఏ ఇనుము ఎందుకు రంగును వదిలేస్తుందో చెప్పేవాణ్ని. అందరూ రాసుకునేవాళ్లు.

ఆ ట్యాంకు మీద పోలీసులు చివరికి తారు పూయించారు. రెండు ఎండాకాలాలకు తారు పెచ్చులుగా రాలిపోయింది. బస్సులో ఆ దారిన పోతూ చూశాను. ఎరుపు మెరుపు పోయి వెలిసింది గానీ, అక్షరం అక్షరంగానే ఉంది.

మళ్లీ అతన్ని కలిసింది చాలా ఏళ్లకు, కోరుట్ల బజారులో. ఒక బట్టల దుకాణం షట్టరుకు రంగు వేస్తున్నారు. వేస్తున్నది ఒక ఆడమనిషి. నడుముకు కొంగు బిగించి, గట్టిగా, నిదానంగా బ్రష్షు లాగుతోంది. పక్కన స్టూలు మీద కూర్చొని ఒకతను ముందుకు వంగి షట్టరు మీద ఆవిరి ఊదుతున్నాడు. ఊది, చూసి, "ఆఁ, గిప్పుడు వెయ్," అంటున్నాడు. ఆమె వేస్తోంది.

ఆమె అతని భార్య. అంతకుముందు బీడీలు చుట్టేదని నాకు తెలుసు.

జీపు ఆపి దిగాను. అతనే ముందు గుర్తుపట్టాడు.

"సారూ! ఇటెటు అచ్చినవ్?" లేచి నిలబడ్డాడు. కుడిచెయ్యి చొక్కా జేబులో ఉంది. జుట్టు నెరిసింది. చెవి సందున బీడీ ఉంది.

ఏదో మాట్లాడాను. వానలు, ఎండలు, కంపెనీ. అతను స్టూలు నా వైపు జరిపాడు. నేను కూర్చోలేదు.

"అప్పుడు ఎస్సైకి నీ పేరు చెప్పింది నేనే," అన్నాను.

"ఎర్కే సారు." గొంతు ఏమీ మారలేదు. "స్టేషన్ల వాళ్లే చెప్పిన్రు. 'గిట్ల పట్టేటట్టు వేసుడు మూడూర్లల్ల నీకొక్కనికే వస్తదని మీ సారే అన్నడు. ఇంక నేను కాదంటవేందిరా' అని కొట్టిన్రు." షట్టరు వైపు తిరిగి చూశాడు. "దెబ్బలు తినుకుంటనే, ఆ మాటకు ఖుషయింది సారు. అబద్ధమెందుకు. గన్నేండ్లు నా ఎంబడి తిరిగి రాసుకున్నవ్, ఒక్కనాడన్న నా మొకం మీద అన్నవా?"

ఎప్పటి నుంచో లోపల తొలుస్తున్న ప్రశ్న అడిగాను.

"అన్నలు రాయమంటే రాసినవ్, సరే. తుపాకి ఉన్నోళ్లకు వద్దనలేవు. కానీ ఊరికె పూసి రావద్దా? మామూలు రంగుతోని, దుమ్ము మీదనే పూస్తే నెల రోజులకు ఊడిపోతుండె. ఎవలకు అనుమానం రాకపోతుండె. నీ చెయ్యి నీకుంటుండె."

"వాళ్లు గూడ గదే అన్నరు. 'జల్ది గానియ్యి, అచ్చరం కనవడితె సాలు' అన్నరు. తెల్లారంగనే తోల్కపోయిన్రు. పైకెక్కి ఊది చూసిన. మంచు వడ్డది సారు, ఇనుమంత చల్లగున్నది. ఆవిరి పోతనే లేదు. గిప్పుడు ఎయ్యరాదన్న. ఒకాయన గరమైండు. ఇంకొకాయన, జర పెద్దాయన, 'ఎంతసేపు ఆగాలె' అన్నడు. మంచు ఆరేదాక అన్న. కూసున్నరు సారు, ఆరుగురు, తుపాకులు ఒళ్లె వెట్టుకొని, ట్యాంకు కాళ్ల కాడ. ఎండ పడేదాక కూసున్నరు. నేను రుద్దుకుంట ఉన్న." నవ్వాడు. "పాడు పని చేద్దామనే అనుకున్న. చెయ్యి రాలే."

దాన్ని గొప్పగా చెప్పలేదు. అదొక లోపం అన్నట్టు చెప్పాడు, కొందరికి ఎడమచెయ్యి వాటం ఉన్నట్టు. నేను నా బొటనవేలి గురించి ఆలోచిస్తున్నాను. పాడుపని చెయ్యడానికి నా చెయ్యి ఎంత తేలిగ్గా లేచిందో. తుపాకులు పట్టుకున్న ఆరుగురు అతని మాట మీద పొద్దెక్కేదాకా కూర్చున్నారు. ప్రాణభయం కూడా అతని పనిని చెడగొట్టలేకపోయింది. విరిగిన చేతితో నా ఎదుట నిలబడ్డ ఆ మనిషిని చూసి, పశ్చాత్తాపంతో తల వంచుకోవలసిన ఆ పూట కూడా, నేను కుళ్లుకున్నాను.

"మాఫ్ చెయ్," అన్నాను చివరికి.

"నాదేమున్నది సారు. రెండేండ్లు నాకు నోట్ల బుక్క వెట్టింది గామె. గామెనడుగు."

ఆమె వైపు తిరిగాను. అంతసేపూ ఆమె వెనక్కి తిరగలేదు, బ్రష్షు ఆపలేదు. "అమ్మా," అన్నాను. ఇంకేదో అనబోయాను.

"రుద్దిన ఇనుము మీద నీ నోటి తుంపర్లు పడ్తున్నయి," అంది. "దూరం జరుగు."

జరిగాను.

ఆ తర్వాత అతన్ని చూడలేదు. ఉద్యోగం అయిపోయాక జగిత్యాలకే వచ్చి స్థిరపడ్డాను. కోరుట్ల ఎంత దూరం, గంట లేదు. పోలేదు. వాళ్లిద్దరి పని మాత్రం దారిపొడుగునా కనిపిస్తూనే ఉండేది. బడి గేట్లు, మిల్లుల తలుపులు, బస్టాండు రెయిలింగులు. అతుకుల దగ్గర తుప్పు లేని గేటు కనిపిస్తే చాలు, ఎవరిదో అడగనవసరం లేదు. నేను మాత్రం ఆగి, ఎవరూ చూడకుండా, గోటితో ఒకసారి గీరి చూసేవాణ్ని. ఎక్కడైనా లేస్తుందేమోనని. నా వయసువాడు చెయ్యవలసిన పని కాదు. చేసేవాణ్ని.

ఫోన్ వచ్చిన మూడోనాడు కోరుట్ల పోయాను. సందు చివర చిన్న ఇల్లు. ముందర షామియానా కింద జనం. మిల్లుల వాళ్లు, షట్టర్ల దుకాణాల వాళ్లు, సిరిసిల్ల నుంచి అద్దకం షెడ్డు ముసలాయన, అతని భార్య దగ్గర పని నేర్చుకున్న నలుగురైదుగురు ఆడవాళ్లు. ఎవరికి వాళ్లు తమ ఇంటి గేటు గురించి, తమ తొట్టి గురించి చెప్పుకుంటున్నారు. "ఇరువై ఏండ్లాయె, ఇంక ముట్టుకోలే," అంటున్నాడొకాయన, సొంత కొడుకు గురించి చెప్పుకుంటున్నట్టు. ఒక మూల కుర్చీ ఖాళీగా ఉంటే కూర్చున్నాను. నేనెవరో ఎవరూ అడగలేదు.

కొంతసేపటికి ఆమె నన్ను చూసింది. ముసలిదైపోయింది, వేళ్ల సందుల్లో మాత్రం ఇంకా రంగు మరకలున్నాయి. లేచి వచ్చి నా ఎదుట నిలబడింది. నేను కూడా లేచాను.

"ఆయన రమ్మన్నడా నన్ను?" అన్నాను. అంత ఆశ నాలో ఉందని ఆ మాట బయటికొచ్చేదాకా నాకు తెలియదు.

"ఆయన నీ మాటే ఎత్తలే. నేనే ఫోన్ చేపిచ్చిన."

"ఎందుకమ్మా?"

నా మొకంలోకి సూటిగా చూసింది. గొంతు పెంచలేదు. చుట్టూ ఉన్నవాళ్లు పలకరింపే అనుకొని ఉంటారు.

"నీకు ఎరుక కావాలెనని. ఆయన పోయిండు. ఇగ నీకు కుళ్లుకునేటందుకు ఎవ్వలు లేరు. పో, సల్లగ బతుకు."

అని, వచ్చిన వాళ్లెవరో పిలిస్తే అటు పోయింది.

షామియానా దాటి సందులోకి వచ్చాను. బస్టాండు దాకా నడిచాను. జగిత్యాల బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక తెలిసింది, ఆమె అన్నది నిజం కాదని. ఆ షామియానా కింద ఎంతమంది ఉన్నారో నేను లెక్కపెట్టాను. కూర్చున్నంతసేపూ అదే పని చేశాను. అరవై ఏడుగురు. అందులో ఎనిమిది మంది ఏడుస్తున్నారు. మా ఇంటి ముందు ఎంతమంది వస్తారో, వాళ్లలో ఏడ్చేవాళ్లు ఎవరో, బస్సు జగిత్యాల చేరేదాకా ఒక్కొక్క పేరే అనుకుంటూ కూర్చున్నాను.